వంశగాథలు - వాస్తవాలు

మన జిల్లాల్లో పాత గడీలు చాలావరకు కూలిపోయాయి. కొన్నిటిలో గబ్బిలాలు కాపురముంటున్నాయి. కొన్నిటి రాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇండ్లకు గోడలయ్యాయి. కాని గడీ కూలినంత తేలికగా గడీ చెప్పుకున్న కథ కూలలేదు. శుభలేఖల మీద ఇంటిపేరు పక్కన ‘దేశ్‌ముఖ్’ అని వేసుకునేవారు ఇప్పటికీ వున్నారు. కుల సంఘాలు అచ్చు వేయించే చరిత్రలు సూర్యుడితోనో చంద్రుడితోనో మొదలై, మధ్యలో కాకతీయులను కలుపుకొని, చివరకు సంఘాధ్యక్షుడి ఫోటోతో ముగుస్తున్నవి. ఒక కులం ఇటువంటి పుస్తకం వేస్తే, దాని కింద నలిగిన కులం కూడా తమకూ ఒక రాజు వుండాలని వెతుక్కుంటున్నది. ఇది జాలిపడవలసిన విషయమే కాదు, ఆలోచించవలసిన విషయం కూడా.

“మా తాతలకు ఈ పేరు ఎట్లా వచ్చింది సార్?” అని తరగతిలో ఒక విద్యార్థి అడిగితే మనం చెప్పే జవాబులు సాధారణంగా రెండు. ఒకటి: “అది పుక్కిటి పురాణం, శాసనమో సనదో వుంటే చూపించు.” రెండవది: “జానపదం ప్రజల గొంతు, దాన్ని కాదనరాదు.” మొదటి జవాబు పండితులది. రెండవది తరచుగా మనది, అంటే అభ్యుదయ సాహిత్యాన్ని అభిమానించేవాళ్ళది. రెండూ సగం సగం జవాబులే అనక తప్పదు. ఎందుకంటే నోటికథ అంతా ప్రజలదీ కాదు, రాతి మీది రాత అంతా నిజమూ కాదు. భట్రాజు గడీ ముంగిట నిలబడి చదివిన వంశావళి కూడా నోటికథే. మాలవాడలో ముసలమ్మ చెప్పిన కథా నోటికథే. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి ‘జానపదం’ అని పేరు పెట్టటం విమర్శ కాజాలదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. మన ప్రాంతంలో వంశపారంపర్య బిరుదు ప్రతిదీ మొదట ఒక పనికి పేరు, ఆ పనికి ముట్టే ప్రతిఫలానికి పేరు. కాలక్రమాన పని జారిపోయింది, ప్రతిఫలం మిగిలింది. పని చేయకుండా తినే ప్రతిఫలానికి ఏదో ఒక కారణం చెప్పాలి గదా! ఆ కారణమే వంశగాథ. కనుక గాథను కొట్టివేయటం కాదు, అది ఏ లోటును పూడ్చటానికి పుట్టిందో కనిపెట్టటం విమర్శకుడి పని.

పేర్లలోనే వున్న సాక్ష్యం

ముందు మాటలనే చూడండి. దేశ్‌ముఖ్ అంటే పరగణాకు పెద్ద; శిస్తు వసూలు అతని పని. దేశ్‌పాండ్యా దాని లెక్కలు వ్రాసేవాడు. ఊళ్ళో మాలీ పటేలు శిస్తు చూసేవాడు, పోలీసు పటేలు కాపలా చూసేవాడు, పట్వారి దస్త్రం చూసేవాడు. ఆదిలాబాద్ గోండు గూడాల్లో వినబడే ‘మొకాసీ’ అన్న మాట ‘మొకాసా’ నుంచి వచ్చింది. మొకాసా అంటే ఒక ప్రాంతపు ఆదాయం మీద ఇచ్చిన హక్కు. వీటిలో ఒక్క మాటలోనైనా రక్తం లేదు, వంశం లేదు, వీరత్వం లేదు. అన్నిటిలోనూ వున్నది వసూలు, లెక్క, కాపలా.

ఇంకా వెనక్కి పోతే ఈ సంగతి మరింత తేటపడుతుంది. కాకతీయుల కాలపు శాసనాలను వందలకొద్దీ పరిశీలించి సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి 2001లో ఒక గ్రంథం ప్రకటించింది. ఆనాడు రెడ్డి, నాయకుడు, బోయ వంటి బిరుదులు ఇప్పటివలె పుట్టుకతో బిగిసిన కులాల పేర్లు కావనీ, మనిషి చేసే పనినీ సంపాదించిన హోదానూ తెలిపేవనీ ఆమె చూపింది. తండ్రికి ఒక బిరుదు, కొడుకుకు మరొక బిరుదు వున్న కుటుంబాలు శాసనాలలో కనిపిస్తున్నవి. అంటే నేడు “అనాదిగా మాది” అని చెప్పుకునే పేరు ఏడెనిమిది వందల ఏండ్లనాడు అనాదిగా ఎవరిదీ కాదు.

అధికారం పెరిగితే తాతలు పెరుగుతారు

కాకతీయుల వంశకథే దీనికి పెద్ద ఉదాహరణ. 956 నాటి మాంగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన అనే సేనానాయకుడు కనిపిస్తాడు. అతను కొలువు చేసే మనిషి, రాజు కాడు. 1090 నాటి కాజీపేట శాసనం ప్రకారం మొదటి ప్రోలుడు అనుమకొండ విషయాన్ని చాళుక్య చక్రవర్తి వల్ల పొందాడు. ఆ తరవాత రెండవ బేతరాజుకు సబ్బి వేయి నాడు దక్కింది. సబ్బి నాడు అంటే నేటి కరీంనగర్ ప్రాంతమే. సేవ చేసినందుకు ముట్టిన సీమ ఇది. అందులో దాపరికం లేదు.

మరి వంశం సంగతి? కాకతీయుల సామంతుల శాసనాలు కొన్ని వీరిని నాలుగో వర్ణంవారని ఏ సంకోచమూ లేకుండా చెప్పాయి. కాని రాజ్యం తీరందాకా పెరిగిన తరవాత, గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో వంశవృక్షం మనువు, ఇక్ష్వాకువు, రఘువుల మీదుగా దిగివచ్చి దుర్జయుణ్ణి కలుసుకున్నది. రాజ్యం పోయి రెండు శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చిన ‘ప్రతాపచరిత్ర’ వీళ్ళను చంద్రవంశానికి చేర్చి పాండవులదాకా లాక్కుపోయింది. సేనానాయకుడికి పేరున్న తాత ఒక్కడు చాలు. సామ్రాజ్యాధిపతికి సూర్యుడు కావాలి. అధికారం ముందుకు సాగినకొద్దీ పూర్వికులు వెనక్కి సాగారు!

శాసనం రాతి మీద వున్నది కనుక నిజమనుకునేవాళ్ళు 1117 నాటి హనుమకొండ పద్మాక్షి గుట్ట శాసనాన్ని చూడాలి. ఉగ్రవాడి మేళరసు అనే మండలేశ్వరుడు అందులో తాను మాధవవర్మ వంశంలో పుట్టానని చెప్పుకున్నాడు. ఆ మాధవవర్మకు ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు వున్నాయట! పది కోట్ల గుర్రాలకు మేత ఎక్కడి నుంచి వచ్చిందో శాసనం చెప్పదు. అదే శాసనంలో ఆ మేళరసు జైన బసదికి ఇచ్చినది కొద్ది మత్తర్ల నేల. మొదటి సంఖ్య బిరుదు, రెండవది వాస్తవం. శాసనంలో కూడా పొగడ్త చెప్పే భాగాన్నీ దానం చెప్పే భాగాన్నీ విడదీయవలసే వుంటుంది. దానం చెప్పే భాగంలో అబద్ధమాడితే పొలం గట్టు దగ్గర తగాదా వస్తుంది. పొగడ్తలో అబద్ధమాడితే ఎవరూ తగాదాకు రారు.

రేచడి కథ

ఇప్పుడు అసలైన గాథకు వద్దాం. ‘వెలుగోటివారి వంశావళి’ అనే గ్రంథాన్ని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చు వేసింది. రాచకొండ, దేవరకొండలను ఏలిన రేచెర్ల వెలమ ప్రభువులకూ, ఆ తరవాత వెంకటగిరి జమీందారులకూ పూర్వులైనవారి చరిత్ర అది. పద్మనాయక సంప్రదాయం చెప్పుకునే దొరలందరికీ ఇష్టమైన గ్రంథం.

అందులో మూలపురుషుడి కథ ఇది. ఆమనగల్లు చెవిరెడ్డి అనే కాపు పొలం దున్నిస్తుండగా ఒక నిధి జాడ కనబడింది. ఆ నిధికి భేతాళుడు కాపలా. నరబలి ఇస్తే తప్ప నిధి దక్కదు. అప్పుడు చెవిరెడ్డి దగ్గర పాలేరుగా వున్న రేచడు అనే మాల యువకుడు తాను బలి అవుతానన్నాడు. అందుకు రెండు కోరికలు కోరాడు: మీ గోత్రానికి నా పేరు పెట్టుకోవాలి, మీ ఇంట పెండ్లి జరిగేముందు నా వారి ఇంట పెండ్లి జరిపించాలి. చెవిరెడ్డి ఒప్పుకున్నాడు. రేచడు బలి అయ్యాడు. నిధి దక్కింది. రేచెర్ల గోత్రమూ, భేతాళరెడ్డి అనే బిరుదూ, ప్రభుత్వమూ వచ్చాయి.

ఈ కథను చరిత్రగా నిలబెట్టటం కష్టం. ‘రేచెర్ల’ అన్న పేరు మరొక చోట స్పష్టంగా వుంది. 1213 నాటి పాలంపేట శాసనంలో రామప్ప గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచెర్ల రుద్రుడు. పిల్లలమర్రిలో గుళ్ళు కట్టించి శాసనాలు వేయించిన రెడ్డి నాయకులూ రేచెర్లవారే. మాచెర్ల, జడ్చర్ల వలె ‘చెర్ల’తో ముగిసే మాటలు మన దేశంలో ఊరి పేర్లుగా ఎక్కువ కనబడతాయి. కనుక రేచెర్ల కూడా మొదట ఒక ఊరి పేరై, ఆ ఊరి నుంచి వచ్చినవారి ఇంటిపేరై వుండటానికే హెచ్చు అవకాశం. రెడ్లకూ వెలమలకూ ఒకే పేరు వుండటం మరొక సంగతిని కూడా చెబుతున్నది: ఈనాటి కులపు గోడలు ఆనాడు ఇంత ఎత్తున లేవు. ఇంతవరకు పండితుడి పని. ఇక్కడ ఆగి “కల్పితం” అని వ్రాసి పుస్తకం మూసివేయవచ్చు. మూసివేస్తే మాత్రం గ్రంథంలోని అతిముఖ్యమైన సంగతి మన చేయి జారిపోతుంది.

ఆలోచించండి: సూర్యుడి నుంచి పుట్టామని చెప్పుకోవటానికి ఏ అడ్డూ లేని ప్రభువులు, తమ గోత్రం ఒక మాల పాలేరు పేరున వచ్చిందని తమ గ్రంథంలోనే ఎందుకు వ్రాయించుకున్నారు? వ్రాయించుకోక తప్పలేదు కనుక. పల్లెలో అందరికీ తెలిసిన ఒక సంగతిని గాథ దాచలేకపోయింది. దొర సంపదకు మూలం నాగలి కింద వుంది. నాగలి పట్టినవాడు దొర కాదు. నిధి అంటే భూమిలో నుంచి వచ్చిన సొమ్ము. ఆ సొమ్ముకు వెల మరొకరి ప్రాణం. ఈ రెండు సంగతులనూ కథ ఒప్పుకున్నది. ఏ శాసనమూ ఇంత సూటిగా ఒప్పుకోలేదు.

కాని ఒప్పుకున్న వెంటనే కథ ఒక మెలిక తిప్పింది. రేచణ్ణి ఎవరూ చంపలేదట. తానే ముందుకు వచ్చాడట. తన ప్రాణానికి ప్రతిగా భూమి అడగలేదు, నిధిలో పాలు అడగలేదు, తన వాళ్ళకు విడుదల అడగలేదు. పేరు అడిగాడు, ముందు పెండ్లి అడిగాడు. ఇక్కడే వంశావళి అసలు పని మొదలైంది. దోపిడిని దాచలేనప్పుడు దాన్ని దానంగా మార్చాలి. బలవంతాన్ని భక్తిగా మార్చాలి. వెట్టి చేసేవాడు ఇష్టపడే చేస్తున్నాడన్న మాట తరవాత ఎన్ని తరాలు ఎన్ని గడీలలో వినబడిందో మనకు తెలుసు. ఆ మాటకు ఇది మూలకథ.

మరొక సంగతి కూడా గమనించవలసి వుంది. చెవిరెడ్డి సంతతికి బిరుదు తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది. రేచడి వంటివాడి సంతతికి ఏం వచ్చింది? తెలంగాణలో భగేలా పద్ధతి ఏమిటో ఎరిగినవారు జవాబు చెప్పగలరు. తండ్రి తీసుకున్న బాకీ కింద కొడుకు, కొడుకు తరవాత వాడి కొడుకు దొర దగ్గర జీతం వుండేవారు. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన చేయవలసివచ్చిందంటే అది ఎంతగా వేళ్ళూనిందో ఊహించుకోవచ్చు. ఒకే ఇంటి వాకిట్లో రెండు వారసత్వాలు: ఒకరికి బిరుదు, మరొకరికి బాకీ. వంశావళి మొదటిదాన్నే లెక్కపెట్టింది.

మేడరాజు - ప్రతాపరుద్రుడు

వంశావళి ప్రభువుల గాథ. ప్రజలు తాముగా చెప్పుకునే కథ ఎట్లా వుంటుంది? దీనికి మన పొలాస మేడరాజును తీసుకుందాం. సమ్మక్క - సారలమ్మల కథలో జగిత్యాల దగ్గరి పొలవాస ప్రభువు మేడరాజు వేటకు పోయి సమ్మక్కను పసిబిడ్డగా కనుగొన్నాడంటారు. ఆమెను మేడారం పగిడిద్దరాజుకు ఇచ్చారు. కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే కాకతి ప్రతాపరుద్రుడు దండెత్తాడు, సమ్మక్క పోరాడింది. కోయల నోట ఈ కథకు వేరే పాఠాలూ వున్నాయి.

చారిత్రకంగా చూస్తే ఈ కథలో ఒక పెద్ద చిక్కు వుంది. పొలవాస మేడరాజు కల్పిత పురుషుడు కాడు. రెండవ ప్రోలుడితోనూ రుద్రదేవుడితోనూ తలపడినవాడు. 1163లో రుద్రదేవుడు వేయించిన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తాను గెలిచినవారిలో మేడరాజును కూడా పేర్కొన్నది. ప్రతాపరుద్రుడు పట్టానికి వచ్చింది 1289లో. ఇద్దరికీ నడుమ నూరేండ్లకు పైన దూరం వుంది. ఒకే కుటుంబ కథలో వీళ్ళిద్దరూ కలవటానికి వీల్లేదు.

మరి ఈ కథ అబద్ధమా? తేదీల విషయంలో నమ్మదగింది కాదు, నిజమే. కాని వంశావళిలోని తప్పుకూ ఈ తప్పుకూ తేడా వుంది. వంశావళి తన ప్రభువు హక్కును పెంచటానికి కాలాన్ని సాగదీసింది. ప్రజల కథ ఇద్దరు రాజులను ఒక్కచోట కుదించింది; ఎందుకంటే ఓడిపోయినవాడి వైపు నుంచి చూసినప్పుడు ఓరుగల్లు నుంచి దండు రావటమే ముఖ్యం, వచ్చిన రాజు పేరు కాదు. పొలవాసను గెలిచామని శాసనం చెప్పింది. కరువు సంవత్సరంలో కప్పం అడిగారని కథ చెప్పింది. ‘గెలిచాడు’ అన్న ఒక్క క్రియాపదం కింద ఏం జరిగి వుంటుందో ఊహించటానికి ఈ రెండూ కావాలి. అయితే ఈ కథను చూపి ఫలానా సంవత్సరంలో ఫలానా రాజు ఫలానా యుద్ధం చేశాడని వ్రాసే మన మిత్రులు మాత్రం ప్రజలకు మేలు చేయటం లేదు. తేదీ తప్పని ఎదుటివాడు ఒక్క మాటలో చూపితే, కథలోని న్యాయం కూడా తప్పని తేలిపోయే ప్రమాదం వుంది.

గోండుల వద్ద రెండు చరిత్రలు

ఆదిలాబాద్ అడవులకు పోతే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఈ ప్రాంతంలో చాలాభాగం ఒకప్పుడు చందా గోండు రాజుల ఏలుబడిలో వుండేది. 1751లో చందా నాగపూరు భోంసలేల చేతికి చిక్కింది. చందా రాజుల పట్టిక ఒకటి 1869లో మేజర్ లూసీ స్మిత్ అనే సెటిల్‌మెంటు అధికారి తన నివేదికలో ఇచ్చాడు. దాని ప్రకారం 870లో భీమ బల్లాళ సింగ్ మొదలుకొని 1751 దాకా పందొమ్మిదిమంది రాజులు. లెక్క వేయండి: 881 ఏండ్లు, పందొమ్మిదిమంది. సగటున ఒక్కొక్కడు నలభై ఆరేండ్లు ఏలాలి! కాకతీయులలో రెండవ ప్రోలుడు మొదలు ప్రతాపరుద్రుడి దాకా ఆరుగురు. గణపతిదేవుడు ఒక్కడే 63 ఏండ్లు ఏలినా వాళ్ళ సగటు ముప్ఫై అయిదు దాటలేదు. పందొమ్మిది తరాలపాటు నలభై ఆరు సగటు అసాధ్యమని చెప్పటానికి చరిత్రకారుడు అక్కరలేదు, కూడికలూ భాగహారాలూ వస్తే చాలు. అక్బరు కాలపు ‘ఐన్-ఇ-అక్బరీ’లో చందా ప్రభువు బాబాజీ పేరు వుంది కనుక పదహారో శతాబ్దం నాటికి ఆ రాజ్యం వున్న మాట నిజం. తొమ్మిదో శతాబ్దపు ఆరంభం మాత్రం గాథ.

ఇందులో గుణపాఠం ఏమిటంటే, సెటిల్‌మెంటు నివేదిక సర్కారీ పత్రం. దాన్ని ఉదహరించినవాడు “పత్రాధారం చూపాను” అనుకుంటాడు. కాని ఆ పత్రంలో వున్నది దర్బారులో విన్న నోటికథ. గాథ అచ్చులోకి ఎక్కినంతమాత్రాన చరిత్ర కాదు.

ఆ పట్టికకు పక్కనే గోండులకు మరొక చరిత్ర వుంది. దాన్ని పర్ధానులు కిక్రీ వాయిస్తూ పెర్సపేన్ పూజల్లో పాడతారు. హైమెన్‌డార్ఫ్ దాన్ని సేకరించి తన గ్రంథంలో 1948లో ప్రకటించాడు. అందులో గోత్రాలన్నీ నలుగురన్నదమ్ములు, అయిదుగురన్నదమ్ములు, ఆరుగురన్నదమ్ములు, ఏడుగురన్నదమ్ములవారుగా విభజింపబడి వుంటాయి. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరి పిల్లను ఎవరు చేసుకోవచ్చు, ఏ దేవరకు ఎవరు మొక్కాలి అన్నది అందులోని ప్రశ్న. ‘ఈ భూమికి యజమాని ఎవరు’ అన్నది ఆ కథకు ప్రధానమైన ప్రశ్న కాదు. సెటిల్‌మెంటు అధికారికి మాత్రం అదే ప్రశ్న. శిస్తు ఎవరి పేరు మీద వ్రాయాలన్నది అతనికి తేలాలి. అందుకని నివేదికలోకి రాజుల పట్టిక ఎక్కింది, అన్నదమ్ముల కథ ఎక్కలేదు. ఆ తరవాత రోజుల్లో పట్టా లేని గోండు తన తాత కొట్టిన పోడులోనే పరాయివాడయ్యాడు. పట్టా సంపాదించిన పైవాడు ఆసామి అయ్యాడు. ఏ కథను పత్రంలోకి ఎక్కించారు, దేన్ని ఎక్కించలేదు అన్నది సాహిత్య చర్చ మాత్రమే కాదు, ఎకరాల లెక్క.

1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీంకు మొకాసా లేదు, సనదు లేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి ఆయన మీద నవల వ్రాసినప్పుడు వాళ్ళకు ఆధారం గూడాలలోని జ్ఞాపకం. 2016లో ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టారు. మొకాసీల పేర్లు చాలావాటిని జనం మరిచిపోయారు.

సనదు నుంచి సొత్తు దాకా

ఇక మనకు దగ్గరి కాలానికి వద్దాం. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి నిజాం రాజ్యంలో శిస్తు వసూలు గుత్తకు పోతూ వుండేది. దేశ్‌ముఖులు వసూలు చేసి, తమ పాలు మినహాయించుకొని, మిగిలింది ఖజానాకు కట్టేవారు. సాలార్‌జంగ్ సంస్కరణలతో, 1865 నాటి జిల్లాబందీతో వసూలు పని సర్కారు నౌకర్లకు మారింది. న్యాయంగా పని పోతే జీతం పోవాలి. పోలేదు. దేశ్‌ముఖులకు ‘రుసుం’ పేరిట నగదు ముట్టజెప్పారు, వతనులు వుండనిచ్చారు. సర్వే సెటిల్‌మెంట్లు వచ్చినప్పుడు దస్త్రం ఎరిగినవాళ్ళు వాళ్ళే కనుక మంచి భూములు వాళ్ళ పేర పట్టాలయ్యాయి. వసూలుదారు భూస్వామి అయ్యాడు. పని పేరు ఇంటిపేరయింది.

‘మా తాతకు పాదుషా, గుర్రం పరుగెత్తినంత మేర భూమి ఇచ్చాడు’ అనే తరహా కథలకు ఇదీ చోటు. ఆ గుర్రం ఎప్పుడూ పరుగెత్తనక్కరలేదు. పట్వారి కలం పరుగెత్తితే చాలు. కథలోని వీరుడు ఎక్కిన గుర్రం, వాస్తవంలో దస్త్రం.

ఇది మన ఒక్కచోట జరిగిన వింత అనుకోవద్దు. ఐర్లండులో ఇటువంటిదే ఇంకా ముందు జరిగింది. అక్కడి గేలిక్ తెగల్లో నాయకుడి పెద్దకొడుకే నాయకుడు కావాలన్న నియమం లేదు; దగ్గరి బంధుకూటమిలో యోగ్యుణ్ణి ఎన్నుకునేవారు. నేల ఆ కూటమిది. 1541లో ఎనిమిదో హెన్రీ ఐర్లండుకు రాజునని ప్రకటించుకున్న తరవాత, నాయకులు తమ భూములను రాజుకు అప్పగించి, తిరిగి ఆయన చేతి మీదుగా బిరుదుతో సహా తీసుకునే పద్ధతి వచ్చింది. 1542లో కాన్ ఓనీల్ ఆ విధంగా టైరోన్ ఎర్ల్ అయ్యాడు. తెగ ఎన్నుకున్న పెద్ద, పెద్దకొడుకుకు ఆస్తి ఇచ్చే ప్రభువైపోయాడు. తెగవాళ్ళు అతనికి కౌలుదార్లయ్యారు. 1608లో ఇంగ్లీషు న్యాయస్థానం పాత వారసత్వ పద్ధతి చెల్లదన్నది.

ఐర్లండు స్వాతంత్ర్యం పొందిన తరవాత 1940లలో ప్రభుత్వ వంశావళి కార్యాలయం పాత తెగల నాయకుల వారసులకు మర్యాదపూర్వకంగా గుర్తింపు ఇవ్వటం మొదలుపెట్టింది. ఆ గుర్తింపులలో ఒకటి కల్పిత వంశవృక్షం మీద నిలిచిందని తేలి 1999లో రద్దయింది. 2003లో ఆ పద్ధతినే మానుకున్నారు. ఎన్నికతో వచ్చే పదవికి పెద్దకొడుకు వారసుణ్ణి వెతకటమే ఇందులోని మొదటి తప్పు. అబద్ధపు వంశవృక్షం రెండవ తప్పు మాత్రమే. మనవాళ్ళు కూడా ‘నిజమైన దేశ్‌ముఖ్ వంశం ఏది, దొంగది ఏది’ అని తగాదాపడినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. గుత్తకు తీసుకున్న వసూలు పనికి నిజమైన వంశం ఎక్కడ వుంటుంది?

బిరుదు లేని వారసత్వాలు

చట్టం తన పని తాను చేసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రాజ్యాంగం బిరుదులను నిషేధించింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పటేలు పట్వారి పదవులను రద్దుచేసింది. చట్టం కన్న ముందే ప్రజలు కొంత పని చేశారు: 1946 - 51 సాయుధ పోరాటం ఒకసారి, 1978లో జగిత్యాల, సిరిసిల్ల రైతుకూలీలు మరొకసారి. 1978లో చాకలి, మంగలి, పాలేరు పని మానివేసినప్పుడు దొర అనే బిరుదు దేని మీద నిలబడిందో కొద్దిరోజుల్లోనే బయటపడింది. బట్టలు ఉతికేవాడు రాకపోతే పోయే గౌరవం సూర్యుడి నుంచి వచ్చింది కాజాలదు.

ఊళ్ళో వంశపారంపర్యం దొరకు ఒక్కడికే లేదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుచేయాలి. చెరువు నీళ్ళు పారించే నీరడిది వంశపారంపర్యం. కబురు మోసే మస్కూరిది వంశపారంపర్యం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగల పనులన్నీ వంశపారంపర్యమే. వాళ్ళ హక్కులు కూడా తాతల నాటివే: కల్లంలో ఇన్ని గింజలు, పండుగకు ఇంత. వాళ్ళకు మూలపురుషుడి గాథను గడీ వ్రాయించలేదు. ఎందుకు? వాళ్ళు పని మానలేదు. పని చేసి తినేవాడికి తన తిండికి కారణం చెప్పుకునే అవసరం లేదు. గాథ కావలసింది పని లేకుండా తినేవాడికే.

కనుక విద్యార్థి మిత్రులకు ఒక పద్ధతి సూచిస్తాను. వంశగాథ ఏది చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి, ఇందులోని మనుషులు ఒకే కాలంవారేనా? మేడరాజునూ ప్రతాపరుద్రుణ్ణీ విడదీసింది ఈ ప్రశ్నే. రెండు, ఈ బిరుదు మొదట ఏ పనికి పేరు, ఆ పని ఎప్పుడు పోయింది? దేశ్‌ముఖ్ చరిత్ర దీనితో తేలుతుంది. మూడు, ఈ కథ ఎవరి ముంగిట చెప్పారు, చెప్పినవాడికి ఎవరు గింజలు కొలిచారు? రేచడు ఎందుకు తానే ముందుకు వచ్చినట్లు వ్రాయబడ్డాడో దీనికి జవాబులో వుంది. ఈ ప్రశ్నలను గడీ కథకు వేసినట్లే మనకు ప్రియమైన కథకు కూడా వేయాలి. మన కథకు మినహాయింపు ఇస్తే ఎదుటివాడి కథను ప్రశ్నించే అర్హత పోతుంది.

అణగారినవారు తమకూ ఒక రాజును వెతుక్కుంటున్నారని మొదట అన్నాను. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. అవమానానికి బదులుగా గౌరవం కోరటం తప్పు కాదు. కాని రాజు దొరికితే ఏం దొరికినట్లు? మరొక వంశావళి, మరొక చెవిరెడ్డి. దానికన్న రేచడి కథను తిరిగి చదవటం మేలు. అందులో గోత్రం పేరు ఎవరికి వచ్చిందని అయిదారు వందల ఏండ్లు చెప్పుకున్నారు. నిధిలో రేచడి పాలు ఏమైందని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగటంతోనే మన చరిత్ర రచన మొదలు కావాలి.